మనం బావగారు

మా బావగారు భీమేశ్వరరావు గారికి తెలుగు, ఇంగ్లీషు, హిందీ, అవసరానికి సరిపడా అరబ్బీ వచ్చు. ఈ నాలుగు భాషల్లోనూ ఆయనకి రాని మాట ఒక్కటే. అది "నేను". పాతకాలపు ఇల్లాళ్ళు మొగుడి పేరు చెప్పమంటే కొంగు నోట్లో కుక్కుకున్నట్టు, ఆయన "నేను" అనాల్సిన చోట మెలికలు తిరిగిపోయి, చెవులు కందగడ్డల్లా చేసుకుని, చివరికి "మనం" అంటారు. ఆకలేస్తే మనకి ఆకలేస్తోంది. తుమ్మొస్తే మనకి జలుబు చేసింది. కువైట్‌లో తెలుగువాళ్ళంతా ఆయన్ని చాటుగా "మనం బావగారు" అంటారు. ఆయనకి సొంత బావమరిదిని నేనొక్కణ్ణే అయినా, ఊరందరికీ ఆయన బావగారే.

నా పేరు బుజ్జిబాబు. మిర్కాబ్‌లో ఒక టైపింగ్ ఆఫీసులో జనాల కాగితాలు నింపడం నా ఉద్యోగం. ఆయన వాడకుండా వదిలేసిన "నేను"లన్నీ నా వాటాకొచ్చాయని మా అక్క సత్యశ్రీ అంటూ ఉంటుంది. అంటే అననీండి, ఇంట్లో ఒకరైనా ఆ మాట వాడాలి కదా.

ఈ జబ్బు కొత్తది కాదు. పెళ్ళిచూపులకి అంబాజీపేట నుంచి వచ్చి, పకోడీలు తిని, నేల చూపులు చూస్తూ, "అమ్మాయి మనకి నచ్చిందండి" అన్నారు.

మా నాన్న అయోమయపడ్డాడు. "నాకు నచ్చడమేంటండి, నా కూతురే కదా. తమరికి నచ్చిందో లేదో సెలవియ్యండి."

"అదేనండి. మనకి నచ్చింది."

"తమరికాండి?"

"మనకండి."

ఈ వాదన ఎటూ తేలకపోతే, మా అమ్మ అచ్చాయమ్మ తలుపు చాటు నుంచి, "ఆ అబ్బాయి చెవులు చూడండి, ఎలా ఎర్రబడ్డాయో. నచ్చినట్టే" అని ముహూర్తం దాకా తీసుకెళ్ళింది.

కువైట్ వచ్చాక ఈ "మనం" మరీ ముదిరింది. ఇంటికొచ్చిన చుట్టంతో "ఇప్పుడే మనం స్నానం చేసొస్తాం" అంటే, ఆ చుట్టం కంగారుపడి "నేను పొద్దున్నే చేసేనండి" అని గోడకి అతుక్కుపోయాడు. ఒకసారి తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో, అకౌంటెంటు సత్యప్రసాద్ గారు లడ్డూ అందుకుంటూ ఈయనకీ ఒకటి పెట్టబోతే, "వద్దండి, మనకి షుగరుంది" అన్నారు. సత్యప్రసాద్ గారు తన లడ్డూ కూడా దిగులుగా పళ్ళెంలో పెట్టేసి, మర్నాడు రక్తపరీక్ష చేయించుకున్నారు. నిజంగానే ఉంది. అప్పట్నుంచి ఆయన మా బావగారిని డాక్టరు కంటే ఎక్కువ నమ్ముతారు.

నిజానికి బావగారు డాక్టరే, కాకపోతే చెట్లకి. కోనసీమలో కొబ్బరిచెట్టుని తినే ఎర్రముక్కు పురుగే ఇక్కడ ఖర్జూరపు చెట్టునీ తింటుంది. లోపల దూరి మొవ్వుని తొలిచేస్తుంటే పైకి చెట్టు పచ్చగా నవ్వుతూనే ఉంటుంది. తెలిసేసరికి తల వాలిపోతుంది. మా బావగారు మానుకి చెవి ఆనించి, లోపల పురుగు నములుతున్న చప్పుడు వినేవారు. తర్వాత చెవి బదులు ఒక సన్నటి మేకు, దానికో మైకు తగిలించి, ఎవరైనా వినేలా ఒక పరికరం తయారుచేశారు. ఆ పరికరాన్ని ఎడారి దేశాలన్నిట్లో వాడుతున్నారట. తోటల యజమానులు ఆయన్ని "దక్తూర్ నఖల్" అనేవారు, అంటే ఖర్జూరపు చెట్ల డాక్టరు. అలా ఎవరైనా పిలవగానే ఈయన వెనక్కి తిరిగి, ఆ డాక్టరెవరో వస్తున్నాడేమో అని చూసేవారు.

రెండువేల పన్నెండులో ఆయన పనిచేసే పరిశోధన ప్రాజెక్టు పూర్తికావొచ్చింది. ప్రాజెక్టు అయిపోతే కాంట్రాక్టు లేదు, కాంట్రాక్టు లేకపోతే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, లేదు, ఇఖామా లేకపోతే ఖలాస్, పెట్టె సర్దుకోవడమే. కువైట్‌లో ఎన్నేళ్ళున్నా మన లెక్క అంతే. ఆ లెక్క బాగా తెలిసిన మా అక్క కొన్న ప్రతి వస్తువుకీ అట్టపెట్టె దాచింది. టీవీ పెట్టె, మిక్సీ పెట్టె, ఇస్త్రీపెట్టె పెట్టె. మంచం కింద, బీరువా పైన, తలుపు వెనక అన్నీ పెట్టెలే. "ఎప్పుడు పొమ్మంటారో తెలీని కాపరం బుజ్జీ. ఈ అట్టపెట్టెలు పారేసుకునే ఇల్లొకటి ఉంటే చాలు నాకు" అనేది.

సరిగ్గా అప్పుడే కాలిఫోర్నియాలో ఖర్జూరపు తోటల వాళ్ళకి ఈ పురుగు భయం పట్టుకుంది. అక్కడి పరిశోధన కేంద్రం వాళ్ళు, "మీరు రండి, కానీ గ్రీన్ కార్డు మీరే తెచ్చుకోవాలి" అన్నారు. అసాధారణ ప్రతిభ గల శాస్త్రవేత్తలకి దారి వేరే ఉందట. మణికి, అంటే మా మేనకోడలికి, ఇరవై ఒకటి నిండేలోగా పని జరిగితే ముగ్గురూ కలిసి వెళ్ళొచ్చు. దాటితే పిల్ల సంగతి విడిగా చూసుకోవాల్సిందే. అందరూ ఒకే ఇంట్లో ఉండటమా, తలోచోట ఉండటమా అన్నది ఇప్పుడు బావగారి నోట్లోంచి రావాల్సిన ఒక్క మాట మీద ఆధారపడింది.

ఆ దారి పేరు "ఎక్స్‌ట్రార్డినరీ ఎబిలిటీ" అని చదివి వినిపించగానే బావగారి చెవులు రంగు మారాయి.

"అబ్బే, అంతమాట మనం సంతకం పెట్టలేం బుజ్జిబాబూ."

"పెట్టాలండి బావగారూ. అదే పేరు."

"పోనీ, ఎక్స్‌ట్రా, ఆర్డినరీ అని విడగొట్టి రాద్దామా? రావులపాలెం ఆర్డినరీ బస్సు నిండిపోతే వెనకాల ఎక్స్‌ట్రా ఆర్డినరీ వేస్తారు చూడు, అలాగన్నమాట. అదైతే మనకి సరిపోద్ది."

దరఖాస్తు కోసం మాట్లాడుకున్న అమెరికా లాయరమ్మ కోరినవి మామూలువి కావు. ఈ రంగంలో ప్రపంచం మొత్తం మీద పైవరసలో ఉన్న కొద్దిమందిలో ఈయనొకరని నిరూపించాలి. ముందుగా ఆయన చేసిన పనేంటో ఆయన మాటల్లోనే రాసి పంపమంది. బావగారు రెండు వారాలు తలుపేసుకుని రాశారు. అందులో మొదటి నుంచి చివరిదాకా "వీ, వీ, వీ". లాయరమ్మ ఫోన్ చేసింది. నేను స్పీకరు పెట్టాను.

"డాక్టర్ రావ్, ఆ పరికరాన్ని కనిపెట్టిందెవరు?"

"మనమే మేడమ్. వీ."

"వీ అంటే ఎవరెవరు?"

"అందరం మేడమ్. మీరు కూడా."

"నేనెప్పుడూ కువైట్ రాలేదే."

"వస్తే మీరూ చేసేవారే కదా మేడమ్."

ఈ దరఖాస్తు ఎంతమంది తరఫున పెడుతున్నారో తేల్చుకుని మళ్ళీ ఫోన్ చెయ్యమని ఆవిడ పెట్టేసింది. సిగ్గు ఆయనకి పుట్టుకతో వచ్చింది, నాకు ఆ రోజు వచ్చింది.

పోనీ రుజువులైనా పోగుచేద్దామని కూర్చున్నాను. పరిశోధన పత్రాలు తీస్తే, ప్రతిదాన్లో మొదటి పేరు ఎవరో కుర్ర ఉద్యోగిది. బావగారి పేరు చిట్టచివర్న, అతిథిగా వచ్చినవాడిలా నిలబడి ఉంది.

"ఇదేంటండి, పనంతా మీరు చేసి?"

"కుర్రాళ్ళు బుజ్జిబాబూ. వాళ్ళకి ప్రమోషన్లూ అవీ ఉంటాయి."

"సన్మానం చేసి షీల్డిచ్చారు కదా, అదేది?"

"అది హుస్సేన్ బీ ఇంట్లో ఉంది."

"ల్యాబులో టీ ఇచ్చే హుస్సేన్ బీనా? ఆవిడకెందుకండి షీల్డు?"

"ఆవిడ టీ ఇవ్వకపోతే మనం మేలుకుని పని చేసేవాళ్ళమా?"

ఇక మిగిలింది పేపర్లో పడ్డ ఒకే ఒక్క వార్త. జహ్రాలో పెద్ద ఖర్జూరపు తోటని పురుగు నుంచి కాపాడారని, ఫోటోతో సహా వేశారు. ఫోటోలో తోట యజమాని, ఆయన పక్కన తోటమాలి బాలసుబ్బయ్య, చేతిలో మేకూ మైకూ. పురుగుని పట్టుకున్నది ఈ బాలసుబ్బయ్యే అని కింద రాశారు. మా బావగారు చెట్టు వెనకాల ఉన్నారు. మోచెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఆ మోచెయ్యి మా బావగారిదేనని రాసి పంపితే, మోచేతిని గుర్తుపట్టగల నిపుణులు ఎవరైనా లేఖ ఇస్తారా అని లాయరమ్మ జవాబిచ్చింది. ఆవిడ వెటకారం చేసిందో, నిజంగానే అడిగిందో ఈనాటికీ తెలీదు.

ఆ జవాబు చదివి మా అక్కకి ఓపిక నశించింది. బావగారిని అద్దం ముందు నిలబెట్టింది.

"ఏవండీ, ఒక్కసారి 'నేను చేశాను' అనండి. ఎవరూ లేరు, నేనూ బుజ్జీ, మణీ."

"నే..." అన్నారు బావగారు. చెమటలు పట్టాయి. "నే... నేటి వాతావరణం..."

"నాన్నా, రెండక్షరాలు" అంది మణి.

"నే... మన వల్ల కాదమ్మా. సిగ్గేస్తోంది."

"సిగ్గు మీకొక్కరికేనా?" అంది అక్క. "ఇన్నేళ్ళుగా అట్టపెట్టెల మధ్య కాపరం చేస్తుంటే, ఇంటికొచ్చినవాళ్ళు 'ఇల్లు మారుతున్నారా' అని అడుగుతుంటే, నాకు వెయ్యదాండి సిగ్గు? మీరు చేసిన పని మీరు చేశానంటే ఎవడి సొమ్ము పోతుందని?"

బావగారు ఏదో చెప్పబోయి, అద్దంలో తన మొహం చూసి ఆగిపోయారు. పెళ్ళాం కళ్ళలో నీళ్ళు చూస్తూ కూడా ఆ మాట అనలేని మనిషిని నేను అంతవరకు చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మండిన ఒళ్ళుతోనే మర్నాడు జహ్రా వెళ్ళాను. నా లెక్క ప్రకారం బాలసుబ్బయ్య అనేవాడు మా బావగారి సిగ్గుని ఆసరా చేసుకుని ఆయన పేరు కొట్టేసిన దొంగ. కడపవైపు మనిషి. తోటలో మడవ కడుతూ కనిపించాడు. కుశలప్రశ్నలు కూడా లేకుండా పేపరు ఆయన ముందు పెట్టాను.

"ఈ పురుగుని కనిపెట్టింది నువ్వేనా?"

ఆయన పార పక్కన పెట్టి చేతులు కడుక్కొచ్చాడు. "నేనా సార్? ఆ పొద్దు నాకు అది పురుగని గూడా తెల్దు."

"మరి ఇదేంటి?"

"తోట యజమాని మా బాబా, వాళ్ళమ్మ నాటిన చెట్టు సార్ అది. తల వాలిపాయ. నేను నీళ్ళు సరిగ్గా పెట్టల్యా, నేనే సంపినా అని బాబా కోపానికొచ్చి, టికెట్టు తీస్తా, ఇంటికి పో అన్నాడు. ఊర్లో ఆడపిల్లలిద్దరు నాకు. ఏడుస్తా కూసున్యా. అప్పుడొచ్చినాడు మీ బావగారు. మానుకి చెవి పెట్న్యాడు. పెట్టి బాబాతో ఏం చెప్పినాడు తెల్సునా? 'ఇది నీళ్ళ వల్ల కాదు, పురుగు. మనం కనిపెట్నాం. ఈ బాలసుబ్బయ్య ముందే చూసి చెప్పబట్టే తక్కిన చెట్లు దక్కినాయి' అన్న్యాడు. ఏం పురుగు సార్ అని నేను అడగబోతే, నా కాలు తొక్కినాడు. బూటుకాలు సార్. గోరు ఊడిపాయ."

నేను పేపరు మడిచేశాను.

"నా ఒక్కనిదే కాదు సార్. రుమైథియాలో అంకాలమ్మ ఉండాది కదా, మా పక్కూరామె. బట్టలుతికిన నీళ్ళు పోసి చెట్టు సంపిందని వాళ్ళింటి యజమానమ్మ మామా ఆమె మీద పడె. ఆడికీ పోయినాడు. 'మనమూ అంకాలమ్మా కలిసి కనిపెట్నాం' అన్న్యాడు. చెట్టు సస్తే ఎవురి మీదికొస్తాది సార్? నీళ్ళు పోసేవాని మీదికే. ఆ యప్ప మనం అన్న్యాడంటే, ఎవురో ఒకరి ఇఖామా నిలబడినట్టే."

పోట్లాడదామని వచ్చినవాణ్ణి, గ్రీన్ కార్డు సంగతంతా చెప్పుకుని, ఆయన ఇచ్చిన ఖర్జూరాలు తిని, తల దించుకుని బస్సెక్కాను. అంత సిగ్గు నాకు పదో తరగతి తప్పినప్పుడు కూడా లేదు.

శుక్రవారం బాలసుబ్బయ్య మా అక్క వాళ్ళింటికి వచ్చాడు. చెప్పులు బయట వదిలి, అట్టపెట్టెల మధ్య ఖాళీ చూసుకుని నిలబడ్డాడు.

"అయ్యా, నేను పోయి బాబాతో నిజం జెప్తా. దక్తూరే కనిపెట్న్యాడు, నాకేం తెల్దు అని. కాగితం మీద ఏలిముద్ర గూడా ఏస్తా."

"చెబితే నీ ఉద్యోగం?" అన్నాను నేను.

"పోతే పాయ. ఆయప్ప పనేమో ఆగకూడదు గదా."

అక్క నా వైపు చూసింది, నేను బావగారి వైపు చూశాను. ఆ ఒక్క వాంగ్మూలంతో పేపరు వార్త బావగారిదవుతుంది. లాయరమ్మకి కావలసింది అదే. బావగారు కుర్చీలోంచి లేచారు. చెవులు మామూలుగానే ఉన్నాయి.

"నేను ఒప్పుకోను" అన్నారు.

మణి నోరు తెరిచేసింది.

"నేను ఒప్పుకోను బాలసుబ్బయ్యా. ఆ మాట నేనన్నాను, నేను వెనక్కి తీసుకోను. గ్రీన్ కార్డు లేకపోతే అంబాజీపేట పోతాను నేను."

మా అక్క కళ్ళు తుడుచుకుంది. "అన్నారు, బుజ్జీ" అంది. "నేను అన్నారు. ఒకటి కాదు, వరసగా అన్నారు." ఆ తర్వాత బాలసుబ్బయ్యని కూర్చోబెట్టి పెసరట్టు పెట్టింది. ఆయన చేత నిజం చెప్పించే మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ బాలసుబ్బయ్య కడప మనిషి, చెప్తానన్నాక చెప్పకుండా ఉండలేడు. వారం తిరక్కుండానే మా టైపింగ్ ఆఫీసు ముందు ఒక పెద్ద బండి ఆగింది. అందులోంచి పేపరు ఫోటోలోని తోట యజమాని, ముసలి కువైటీ ఆయన, దిగాడు, వెనకాల బిక్కమొహంతో బాలసుబ్బయ్య. బాలసుబ్బయ్య ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, పురుగు సంగతి తనకేమీ తెలీదని బాలసుబ్బయ్యే చెప్పాడంటూ గల్ఫ్ హిందీలో మొదలెట్టాడు.

"యే బాలూ బోలా, ఇస్కో కుచ్ నహీ మాలూమ్ థా."

"బాబా, ఆయన తప్పేం లేదు..." అని నేను అందుకోబోయాను.

"హమ్‌కో మాలూమ్" అన్నాడాయన. "పహ్లా దిన్ సే మాలూమ్. దక్తూర్ ఇస్కా పాఁవ్ దబాయా, హమ్ దేఖా."

కాలు తొక్కడం ఆయన ఆ రోజే చూశాడట. మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నారని అడిగాను. దక్తూర్‌కి సిగ్గెక్కువ, ఆయన ఆడిన అబద్ధం బయటపెట్టి ఆయన్ని ఇంకా సిగ్గుపెట్టడం బాగుండదు కదా అన్నాడు. ఆపైన జపమాల తిప్పుకుంటూ, పురుగు చేసిన పనికి మనిషిని పంపేయబోయాను, ఆ రోజు సిగ్గుపడాల్సింది నేను అన్నాడు. బాలసుబ్బయ్య ఎక్కడికీ పోడనీ, ఇప్పుడు తోటలన్నిట్లో చెట్లకి మేకులు పెట్టి వినేది వాడేననీ చెప్పాడు. "యల్లా, లిఖో" అని నా కీబోర్డు వైపు చెయ్యి చూపించాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. ఆ ఊపులోనే, పరిశోధన పత్రాల మీద మొదటి పేర్లున్న కుర్రాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఒక్కడైనా "పని నాది" అనలేదు. ఈయన పేరు ముందు పెట్టమని తాము ఎంత పోరాడి ఓడిపోయారో చెప్పడానికే ఒక్కొక్కడూ పేజీలు రాశాడు. చివర్న నేనొక ముక్క కలిపాను. మా భాషలో రెండు రకాల "వీ" ఉన్నాయి మేడమ్, ఒకటి మేము, ఒకటి మనం. మేములో ఎదుటివాడు ఉండడు, మనంలో ఉంటాడు. మా బావగారికి వచ్చింది రెండోది ఒక్కటే, అని. లాయరమ్మ ఈసారి వెటకారం చెయ్యలేదు. ఆ ముక్కని దరఖాస్తులో పెట్టిందని తర్వాత తెలిసింది.

మణి పుట్టినరోజు ఇంకా రాకముందే మంజూరైన కబురొచ్చింది. మా అక్క ముందుగా చేసిన పని, అట్టపెట్టెలన్నీ ఒక్కొక్కటే తొక్కి, చదును చేసి, కిందకి మోయించి చెత్తలో వేయించడం. పెళ్ళినాటి నుంచీ అంత హుషారుగా ఆమెని చూళ్ళేదు. బావగారు ఈలోగా ఫోను పట్టుకుని, తెలిసినవాళ్ళందరికీ సంతోషం పంచుతున్నారు. అదే కొంప ముంచింది.

"బాలసుబ్బయ్యా, మనకి గ్రీన్ కార్డు వచ్చింది."

"నాక్కూడానా సార్?"

బావగారి చెవులు నెమ్మదిగా ఎర్రబడటం మొదలెట్టాయి. "నాకే" అనాలి. రెండే అక్షరాలు.

సాయంత్రానికి అంకాలమ్మ ఫోన్ చేసి అక్కడ చలి ఎంత ఉంటుందని అడిగింది. హుస్సేన్ బీ ఖర్జూరం హల్వా చేసి పంపింది. సత్యప్రసాద్ గారైతే, షుగరు విషయంలో బావగారి మాట ఎంత నిజమైందో తెలిసినవాడు గనక, నేరుగా మా ఆఫీసుకే వచ్చి, "నా కార్డు ఎప్పుడిస్తారు బుజ్జిబాబూ?" అని కూర్చున్నారు. వీళ్ళందరికీ నచ్చజెప్పే పని నా మీద పడింది.

బాలసుబ్బయ్యకి మాత్రం ఆ ఫోన్లోనే జవాబు బావగారే చెప్పారు. ఫోను చేత్తో మూసి, ఆలోచించి, "ఖర్జూరపు చెట్లు అక్కడ కూడా ఉన్నాయి బాలసుబ్బయ్యా. కనుక్కుందాం" అన్నారు. ఆయన ఊరికే అన్నారనుకున్నాను. తీరా చూస్తే, చేరకముందే ఆ పరిశోధన కేంద్రానికి, చెట్టు చప్పుడు వినడంలో అనుభవమున్న మనిషొకడు కావాలేమోనని ఉత్తరం రాసేశారు. అందులో కూడా మొదటి మాట "వీ".

వీసాలొచ్చాక సామాను సర్దబోతే మా అక్కకి ఒక్క అట్టపెట్టె లేదు. కింద కిరాణా బకాలాకి వెళ్ళి, ఖాళీ పెట్టెలుంటే ఇమ్మని అడగడానికి సిగ్గుపడి, బావగారిని పంపింది. ఆయన వెళ్ళి షాపువాడితో, "భాయ్, మనం అమెరికా వెళ్తున్నాం, పెట్టెలు కావాలి" అన్నారట. షాపువాడు ముందు తన పాస్‌పోర్టు ఎక్కడుందో వెతుక్కుని, తర్వాత పెట్టెలిచ్చాడు.